ఉల్టా చుట్టిన తాడు

గురువారం పొద్దున్నలోగా ఏజెంట్ బసవయ్య చేయవలసిన పనులు ఐదు.

బరువులు లాగే వించ్ మోటారు విప్పి కార్బన్ బ్రష్‌లు మార్చాలి. గేర్లలో పాత గ్రీజు కడిగి కొత్తది పెట్టాలి. జీపు బంపర్ వెనక ఇనుప ఛానెల్ వేసి, ఛాసిస్‌కు వించ్‌ను బోల్టులతో బిగించాలి. బ్యాటరీ నుంచి బొటనవేలంత లావు కేబుల్ లాగాలి. చివరగా, ఉక్కు తాడును డ్రమ్ముకు తలకిందులుగా చుట్టాలి.

మొదటి నాలుగూ ఉస్తాద్ భిక్షపతి నేర్పినవి. ఐదోది ఢిల్లీ ఆర్డర్.

"టాప్ సీక్రెట్," అన్నాడు చీఫ్, సైదాబాద్‌లోని అద్దె గదిలో. అది 1978 ఎండాకాలం. "డిఫెన్స్ ల్యాబ్ నుంచి మిసైల్ గైడెన్స్ యూనిట్ పోయింది. కాపలా ఉన్న మనవాణ్ని చంపి ఎత్తుకెళ్లారు. తనిఖీలకు భయపడి ఉక్కు పెట్టెలో పెట్టి ఏదో పాడుబడ్డ బావిలో ముంచారు. ఏ బావో తెలియదు. ముఠా నాయకుడు విక్టర్. పాత బావుల ఫోటోగ్రాఫర్‌నని చెప్పుకుంటున్నాడు. మిలిటరీ వేలంలో జీపు కొని, విదేశం నుంచి ఎలక్ట్రిక్ వించ్ తెప్పించాడు."

"వెంబడించి పట్టుకుంటే?"

"దగ్గరగా వెళ్తే పసిగడతాడు. మన వ్యాన్ పది నిమిషాల దూరంలో ఉంటుంది. ఆ పది నిమిషాలూ పెట్టె వాడి చేతికి చిక్కకూడదు."

అందుకే ఐదో పని. తాడు డ్రమ్ము కింది నుంచి వస్తేనే వించ్ బ్రేకు పడుతుంది. పైనుంచి వచ్చేలా చుట్టి, స్విచ్ వైర్లు మారిస్తే మోటారు మామూలుగానే లాగుతుంది. కానీ స్విచ్ వదలగానే బరువు జారిపోతుంది.

ఎలక్ట్రిక్ వించ్ పని తెలిసినవాడు నగరం మొత్తంలో భిక్షపతి ఒక్కడే. ఇరవై ఏళ్లు మిలిటరీ వర్క్‌షాపులో చేసి, బహదూర్‌పురాలో షెడ్డు పెట్టుకున్నాడు. విక్టర్ జీపు ఆ షెడ్డుకే వస్తుందని, మూడు నెలల క్రితం లక్ష్మయ్య అనే దొంగ పేరుతో బసవయ్య అక్కడ పనికి చేరాడు.

మొదటిరోజే ఉస్తాద్ అతని చేతులు తిప్పి చూశాడు. "గీ చేతులు కలం పట్టినయే గని పానా పట్టలే. సరే, ఒక్కటి యాదిపెట్టుకో. బరువు మీదున్నప్పుడు ఈ క్లచ్ లివర్ ముట్టినవంటే చెయ్యి ఇరగ్గొడ్త. మోటారు పట్టు ఇడిశి డ్రమ్ము ఖాళీగ తిరిగిందంటే తాడు మనిషిని చంపుతది." ఆ మధ్యాహ్నం తన డబ్బాలోని జొన్నరొట్టె సగం విరిచి ఇచ్చాడు. ఆ తర్వాత రోజూ ఇచ్చాడు.

బుధవారం బసవయ్య ఐదో పని ముగించి పత్తర్‌గట్టికి వెళ్లాడు. గాజుల దుకాణం ముందు నల్లకళ్లద్దాలు, పట్టుచీర, సెంటు వాసన. కళావతి. విక్టర్‌కు సెక్రటరీ, మనకు డబుల్ ఏజెంట్.

"గులాబీ రంగు దొరికిందా?" అన్నాడతను.

"ఎండకు వెలిసిపోయిందట," అందామె. కోడ్ సరిపోయింది. "రేపు పది గంటలకు. మీ మిస్త్రీలిద్దరూ రావాలంటున్నాడు. బావి చేరగానే నేను నొక్కుతా." గుప్పిట్లో సిగరెట్ లైటర్ చూపింది. ట్రాన్స్‌మిటర్.

అతను తిరిగొచ్చేసరికి జీపు మీద టార్పాలిన్ కప్పి ఉంది. ఉస్తాద్ ఈల వేస్తున్నాడు. బసవయ్య టార్పాలిన్ ఎత్తి చూడలేదు.

గురువారం పది గంటలకు జీపు బండల మధ్య ఒక దిగుడు బావి దగ్గర ఆగింది. విక్టర్ మనిషి ఒకడు నీళ్లలో మునిగి కొక్కెం తగిలించాడు. కళావతి లైటర్ వెలిగించింది. ఆమె సిగరెట్ తాగదు.

ఉస్తాద్ స్విచ్ నొక్కాడు. పెట్టె నీళ్లలోంచి లేచింది. విక్టర్ చెయ్యెత్తగానే స్విచ్ వదిలాడు.

పెట్టె పడలేదు. గాలిలో నిలబడిపోయింది.

బసవయ్య డ్రమ్ము వైపు చూశాడు. తాడు కింది నుంచి వస్తోంది.

"పరేషాన్ గాకు బిడ్డా," ఉస్తాద్ మెల్లగా అన్నాడు. "నిన్న తాడు ఉల్టా చుట్టినవ్. నువ్వు పోంగనే సీదా జేసిన. వైర్లు గూడ. నీ పరువు పోతదని ఎవ్వరికి చెప్పలే."

విక్టర్‌కు ఉర్దూ వచ్చు, తెలుగు రాదు. బసవయ్య పని మాట్లాడుతున్నట్టు ముఖం పెట్టి చెప్పాడు. "కావాల్ననే ఉల్టా చుట్టిన ఉస్తాద్. నేను మెకానిక్‌ను కాదు, సర్కారు మనిషిని. వీళ్లు దేశం దుష్మన్లు. ఆ పెట్టె కోసం ఒకన్ని చంపిన్రు. అది పైకి రావొద్దు."

ఉస్తాద్ గాలిలో వేలాడుతున్న పెట్టె వైపు చూశాడు.

"మూడు నెలల సంది అంత అబద్ధమేనా?"

"అవును ఉస్తాద్."

"రొట్టె గూడనా?"

"రొట్టె నిజమే."

"క్యా బోల్‌రే తుమ్ లోగ్?" మీరేం మాట్లాడుకుంటున్నారంటూ విక్టర్ అరిచాడు.

"కుచ్ నై సాబ్. గ్రీజ్ కమ్ హై." గ్రీజు తక్కువైందని నమ్మిస్తూ ఉస్తాద్ వంగి సుత్తి తీశాడు. "నీ అసలు పేరేంది బిడ్డా?"

మిషన్‌లో అసలు పేరు చెప్పకూడదు. రూల్. బసవయ్య తల దించుకున్నాడు.

"పోనియ్ తియ్. పక్కకు జరుగు. తాడుకు ఎదురుంగ నిలబడొద్దని ఎన్నిసార్లు చెప్పిన?"

సుత్తి క్లచ్ లివర్ మీద పడింది.

డ్రమ్ము గిర్రున తిరిగింది. పెట్టె నీళ్లలోకి దూకింది. వెనకే తాడంతా పరుగెత్తి, కొస డ్రమ్ము నుంచి తెగి, కొరడాలా తిరిగి ఉస్తాద్ ఛాతీకి తగిలింది.

విక్టర్ పిస్టల్ తీశాడు. కళావతి హ్యాండ్‌బ్యాగ్ అతని మణికట్టు మీద పడింది. బసవయ్య విక్టర్ మీదికి దూకాడు. పెనుగులాట ముగియకముందే వ్యాన్ సైరన్ వినిపించింది.

బసవయ్య పరుగెత్తుకొచ్చి ఉస్తాద్ తల ఒళ్లో పెట్టుకున్నాడు. "బసవయ్య, ఉస్తాద్. నా పేరు బసవయ్య." మళ్లీ చెప్పాడు. మూడోసారి చెప్పేటప్పటికి వినడానికి ఎవరూ లేరు.

చీఫ్ రిపోర్టు రాశాడు. ఆపరేషన్ సక్సెస్. నష్టం: ఉక్కు తాడు, ఒకటి. భిక్షపతి పేరు రాయడానికి ఫారంలో గడి లేదట. వించ్ మాత్రం చెక్కు చెదరలేదు. ఉస్తాద్ బిగించిన బోల్టులు విప్పడానికి ఢిల్లీ నుంచి వచ్చిన ఇద్దరు ఇంజనీర్లకు రెండు రోజులు పట్టింది.

మీకెప్పుడైనా జీపు ముందు వించ్ కనిపిస్తే, తాడు డ్రమ్ము కింది నుంచి వస్తోందేమో చూడండి. వస్తుంటే, ఎవరో శ్రద్ధగా సీదా చుట్టారన్నమాట. అప్పుడు బహదూర్‌పురా భిక్షపతిని ఒక్కసారి తలుచుకోండి.