ఇరవై నాలుగు టైర్లు, ఒక కిటికీ అద్దం

"ఇరవై నాలుగు టైర్లా?" అని ఓసిప్ హావ్రిలుక్ ఫోనులోకి అరిచిన అరుపుకి, పొయ్యి దగ్గర పెరోగీ కుడుములు ఉడికిస్తున్న భార్య నెట్టీ చేతిలో గరిటె జారిపడింది.

అవతల కోడలు కొలెట్. "అది కాదు మామయ్యా! శనివారం రింకులో... డేరెన్‌ది ఇరవై నాలుగు..."

"టైర్లకి నేనెందుకమ్మా రావడం? లారీని పంపండి!" అని ఫోను పెట్టేశాడాయన.

కాలిన్‌వ్యూ ఊరి ఐస్ హాకీ రింకులో నలభై ఏళ్లు మంచు నున్నచేసే బండి నడిపిన చెవులవి. మంచు నున్నబడింది, చెవులు మొద్దుబారాయి. అయినా ఆయనకి వినపడని మాటలకన్నా వినకూడదనుకున్న మాటలే ఎక్కువ. కొడుకు డేరెన్ ప్రస్తావన వచ్చే మాటలన్నీ ఆ రెండో రకం.

అరగంటలో సహకార కొట్టు కాఫీ బల్ల దగ్గర కూర్చుని ప్రకటించాడు. "విన్నారా? మావాడు ఆట మానేశాడుగా, నగరం జట్టువాళ్లు కానుకగా ఇరవై నాలుగు టైర్లు ఇస్తున్నారట. తగిన కానుకే! పద్దెనిమిదేళ్లు ముందుకి దొర్లడం తప్ప ఇంకేం చేశాడు వాడు?"

టైర్ల కొట్టు విల్ఫ్ కప్పు దించాడు. "అదేంటి ఓసిప్, జట్టు చరిత్ర మొత్తంలో ఏ డిఫెన్స్‌వాడూ కొట్టనన్ని గోల్స్ కొట్టాడు కదా!"

"డిఫెన్స్‌వాడికి గోలెందుకయ్యా, గోల కాకపోతే! కాపలాకి పెట్టిన కుక్క వేటకి పోతే ఇల్లెవడు చూస్తాడు? వాడిది డిఫెన్సు కాదు, ఫెన్సు దూకే గొడ్డు వాటం. నేను ఈ ఊరి జట్టుకి ఆరేళ్లు ఆడాను. ఒక్క గోలు కొట్టానా?"

"కొట్టలేదు," అన్నారందరూ ఒకే గొంతుతో. ఏడాదికి నలభైసార్లు వింటున్న సంగతే.

డేరెన్ ఆటంటే దేశమంతా లేచి నిలబడేది. తన గోలు వెనకాల పక్ అనే రబ్బరు బిళ్లని అందుకుని, ఐదుగురిని దాటుకుంటూ అవతలి గోలుదాకా ఒక్కడే పోయేవాడు. ఓసిప్ మాత్రం టీవీ ముందు లేవకుండా, ఆ పోకకి చప్పట్లు కొట్టకుండా, వాడు ఖాళీ చేసిపోయిన చోటునే వేలితో చూపించేవాడు. "అదిగో, తలుపులు బార్లా!" వాడికి ఏడాది మేటి ఆటగాడి బహుమతి వచ్చిన రోజున కూడా ఈయన పంపిన సందేశం రెండే మాటలు: వెనక్కి చూసుకో.

గురువారం పొద్దున డేరెన్ స్వయంగా వచ్చాడు. ముప్ఫై ఒక్క డిగ్రీల చలి, సున్నాకి కింద. చలికన్నా చల్లగా ఉంది వాడి మొహం.

"నాన్నా, పెట్రోలు బంకులో పిల్ల, టైర్లెక్కడ పెట్టుకుంటారండీ అని అడిగింది. బ్యాంకులో పెద్దాయన రెండు తనకి అమ్మమన్నాడు. ఏంటిదంతా?"

"మీవాళ్లిచ్చే కానుకేగా! దాచుకోవడమెందుకు?"

"టైర్లు కాదు, రిటైర్! నా నంబరు, ఇరవై నాలుగు, రిటైర్ చేస్తున్నారు. ఆ చొక్కా రింకు పైకప్పుకి కడతారు. ఇక ఎవరూ ఆ నంబరు వేసుకోరు."

ఓసిప్ ఒక్క క్షణం ఆగాడు. పౌరుషం ఆగనివ్వలేదు. "మంచిదే. ఆడినన్నాళ్లూ వెనక నిలబడని చొక్కా ఇప్పుడు పైకెక్కి నిలబడుతుందన్నమాట."

నెట్టీ పళ్లెం ఠపీమని పెట్టింది. "నోరు ముయ్యి ముసలోడా! పిల్లాడు రెండొందల మైళ్లు బండి నడుపుకుంటూ వచ్చాడు."

"అమ్మా, ఆగు." డేరెన్ గొంతు తగ్గింది. "నాన్నా, ఆ రోజు తల్లినీ తండ్రినీ చెరోపక్కా పెట్టుకుని మంచు మీద నడవడం ఆచారం. పద్దెనిమిదేళ్లలో నువ్వు ఒక్క ఆటకీ రాలేదు. శనివారమూ రాకపోతే, నీ చోటు ఖాళీగా పెట్టుకునే నడుస్తాను. ఖాళీ చోటుని నువ్వు బాగా చూపిస్తావుగా, ఊళ్లోవాళ్లకి అదీ చూపించు."

"నేను నేర్పిన ఆట ఆడుంటే వచ్చేవాణ్ణి!"

"నువ్వు నేర్పింది? రా, చూపిస్తాను."

వాడు కోటు కూడా వేసుకోకుండా పెరట్లోకి నడిచాడు. ఓసిప్ గొణుక్కుంటూ బూట్లు తొడుక్కుని వెంట పోయాడు. ఇంట్లో పిల్లలు లేకపోయినా ప్రతి చలికాలం అలవాటుగా గొట్టంతో నీళ్లు పట్టి గడ్డకట్టించే రింకు అక్కడే ఉంది. దూరంగా సందువైపు చివర గోల్ పోస్టు ఒకటి.

"రెండోది ఏదీ?" అన్నాడు డేరెన్.

"ఏ రెండోది?"

"గోల్ పోస్టు. ఆటకి రెండుంటాయి నాన్నా. ఇక్కడెప్పుడూ ఒకటే. ఎందుకు?"

"ఇవతలి చివర మీ అమ్మ వంటింటి కిటికీ ఉంది కదరా! ఇటు గోలు పెడితే పిల్లలంతా ఇటే కొడతారు, అద్దం మిగులుతుందా?"

"మరి నన్నెక్కడ నిలబెట్టేవాడివి?"

ఓసిప్ బూటు కొనతో మంచుని గోకాడు.

"కిటికీ ముందు! ఆరేళ్లప్పటినుంచీ. పక్ ఇటొస్తే చాలు, మెట్ల మీంచి అరిచేవాడివి. అద్దం, అద్దం! ఆపు! తీసుకుని ముందుకి పో! ఆపాను, తీసుకున్నాను, పోయాను. పదేళ్లు అదే ఆట. పెద్ద రింకులోనూ అదే ఆడాను. నాకు వేరే ఆట రాదు నాన్నా."

లోపలినుంచి నెట్టీ, చల్లారిపోతున్నాయి రండి అన్నట్టు గరిటెతో కిటికీ అద్దం మీద కొట్టింది. టంగ్ మంది.

ఓసిప్ ఆ చప్పుడువైపు తిరిగాడు. మూలన చిన్న బుడగ ఉన్న పాత అద్దం. ఇల్లు కట్టిననాడు తన చేతులతో బిగించిందే. వీధిలో పిల్లలంతా పదిమందికి పదిమందీ పదేళ్లపాటు ఆ పెరట్లో పక్‌లు బాదారు. ఎదురింటి గరాజు అద్దాలు నాలుగుసార్లు మార్చారు. ఇది ఒక్కసారీ మార్చలేదు.

"పగల్లేదురా," అన్నాడు, ఎవరో కొత్త సంగతి చెప్పినట్టు.

"ఏంటి?"

"ఒక్కసారి కూడా పగల్లేదు."

డేరెన్ నుదుటి మీద తెల్లటి గీత ఉంది. తొమ్మిదేళ్లప్పుడు పక్ తగిలి ఐదు కుట్లు పడ్డాయి. ఆ పక్ ఎటు పోతూ తగిలిందో ఓసిప్‌కి ఇన్నేళ్లకి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆయన గ్లవ్ తీసి, వేలితో ఆ గీతని తడిమాడు. రెప్పల మీద తడి అక్కడికక్కడే గడ్డకట్టింది.

నెట్టీ మెట్ల మీదికొచ్చింది. "కిటికీకి చెక్క కొట్టమని అప్పుడే చెప్పాను. వింటేగా! పిల్లాణ్ణే చెక్కగా నిలబెట్టాడు. పైగా పద్దెనిమిదేళ్లు తిట్టుడు!"

"సరేలేవే," అన్నాడు ఓసిప్. ఈసారి గొంతులో పౌరుషం లేదు. "కోటు తేవే వాడికి."

మర్నాడు పొద్దున కాఫీ బల్ల దగ్గర ఆయన లేచి నిలబడ్డాడు. ఊళ్లో సగం అక్కడే ఉంది, టైర్ల పుణ్యమా అని.

"అందరూ వినండి. నా చెవిటితనం వల్ల వచ్చిన తంటా ఇది. టైర్లు కాదు, రిటైర్. మావాడి ఇరవై నాలుగో నంబరు ఇక ఎవరికీ ఇవ్వరట. ఇంకొకటి. వాడికి కాపలా రాదన్నానుగా? మా ఇంటికి రండి, వంటింటి కిటికీ చూపిస్తాను. పదేళ్లు కాపలా కాశాడు, గీత పడలేదు. గీత పడింది వాడి నుదుటి మీద. ఆ ఆట నేర్పినవాణ్ణీ నేనే, తిట్టినవాణ్ణీ నేనే."

విల్ఫ్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "అయితే టైర్ల సంగతి ముగిసినట్టేగా?"

"ఎక్కడ ముగిసింది? నా బండివి అరిగి బోడిగుండ్లయ్యాయి. రేపు నగరానికి పోవాలి, మంచు మీద నడవాలి." ఓసిప్ టోపీ పెట్టుకున్నాడు. "ఇరవై నాలుగక్కర్లేదు గానీ విల్ఫ్, ఒక నాలుగు బిగించు. త్వరగా!"