గండశిలను పిలిచిన పిల్ల

మేఘపురిలో నది ఎండిపోయి మూడేళ్లయింది. నది పుట్టే కొండ మీద రాతి తలుపు మూసుకుపోయింది. దాన్ని ఎత్తగలిగింది గండశిల అనే భూతం ఒక్కటే. ఆ భూతాన్ని పిలవడానికి పదకొండు మంది వీరులు వెళ్లి, పదకొండు మందీ రాళ్లయ్యారు. చివరివాడు గొర్రెల కాపరి పిల్ల చెంగల్వకు అన్న.

అన్నను తెచ్చుకోవడానికి చెంగల్వ బయలుదేరింది. అందరికీ నేర్పినట్టే మంత్రి ఆమెకూ భూతం పేరు తర్వాత చదవాల్సిన నూట ఎనిమిది బిరుదులు నేర్పాడు.

"ఉట్టి పేరు పెట్టి పిలిస్తే మర్యాద కాదమ్మాయ్," అన్నాడు.

ముళ్ల అడవిలో ఆమె చెప్పులు తెగాయి. పాముల అడవిలో నిద్ర కరువైంది. బూడిద అడవిలో తాగే నీళ్లు అయిపోయాయి. అక్కడొక ముసలి ముని కూర్చున్న చోటి నుంచి లేవకుండానే పలకరించాడు.

"నువ్వూ రాయివి కావడానికేనా తల్లీ?"

"అన్న కోసం తాతా. ఆ భూతం అంత చెడ్డదా?"

"చెడ్డదేం కాదు. తన పేరు తర్వాత ఏ మాట వినపడితే అదే పని అనుకుంటుంది. చేతకాని పని చెబితే రాయి చేస్తుంది. అంతకు మించి నాకూ తెలియదు. వెళ్లు, మాట్లాడే ఓపిక లేదు."

చెంగల్వ కొండెక్కింది. పైన రాయై నిలబడిన అన్నను చూసింది. "గండశిలా," అని కూలబడింది. ఆయాసంతో ఇంకో మాట రాలేదు.

కొండంత భూతం ప్రత్యక్షమై, ఆమె మీదికి వంగి చాలాసేపు ఎదురుచూసింది. చివరికి నిట్టూర్చింది.

"ఏ పనీ చెప్పవా? అయితే పిలిచే పద్ధతి విను. ముందు నా పేరు. తర్వాత పని. ఆ తర్వాత ఎవరిని, లేదా దేన్ని. చివర ఎంత. వరుస తప్పకూడదు."

"ఈ సంగతి వాళ్లకెందుకు చెప్పలేదు?"

"పేరు పిలిచి ఊరుకుంటేనే చెబుతాను. వాళ్లు ఊరుకుంటేగా? పేరు కాగానే 'వీరాధివీరా' అన్నారు. ఆ పని నాకు రాదు. విని విని విసిగిపోయాను పిల్లా."

చెంగల్వ మెల్లగా లేచింది. తలుపు పూర్తిగా ఎత్తిస్తే కింది ఊళ్లు కొట్టుకుపోతాయి. కాసేపు ఆలోచించి, మాటలు తూచి పలికింది.

"గండశిలా, ఎత్తు, తలుపును, జానెడు."

నీళ్లు దూకాయి. ఆమె వెళ్లి అన్న రాతి చేయి పట్టుకుంది.

"గండశిలా, విడిపించు, వీరులను, పదకొండు మందిని."

ఆమె గుప్పిట్లో ఆ చేయి వెచ్చబడింది.

"ఒసే, ఇంత దూరం ఎట్లా వచ్చావే?" అన్నాడు అన్న.

"నడిచి. పోయేటప్పుడు మాత్రం నన్ను మోసుకుపో."

పిల్లలు లేని మేఘపురి రాజు ఆమెకే రాజ్యం అప్పగించాడు. పట్టాభిషేకం నాడు మంత్రి బిరుదుల పత్రం విప్పి, గొంతు సవరించుకున్నాడు.

"పేరు చాలు మంత్రిగారూ," అంది చెంగల్వ. "తర్వాత పని చెప్పండి."