అది అటక కాదు

"ఆ జాగాలో మనుషులుండరు మేడమ్. ఏసీ పాడైతే ఒకడు పాక్కుంటూ వెళ్తాడు, బాగుచేసి వస్తాడు. దానికి స్ప్రింక్లర్లు ఎందుకు?" అన్నాడు యుగంధర్.

"సూసి సెప్తాను," అని అనూరాధ హెల్మెట్ బిగించి నిచ్చెన ఎక్కేసింది.

భోగాపురం రోడ్డులో కడుతున్న ఆ ఫంక్షన్ హాలుకి యుగంధర్ సైట్ ఇంజినీరు. కాంట్రాక్టరు ధనరాజు అతని తండ్రి. మంటలొస్తే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఎక్కడెక్కడ ఉండాలో చూసి, ఫైర్ ఆఫీసు తరఫున సంతకం పెట్టాల్సింది అనూరాధ. సముద్రం మీద వేటకెళ్లే ఇంట్లో పుట్టిన పిల్ల, ఒకరు బెదిరిస్తే బెదిరే రకం కాదు.

నిజానికి రూలు యుగంధర్ వైపే ఉంది. సీలింగుకి పైన, శ్లాబుకి కింద ఉండే ఆ ఖాళీలో కాలే సామాను లేకపోతే, మరమ్మతుకి తప్ప ఎవరూ వెళ్లకపోతే స్ప్రింక్లర్లు అక్కర్లేదు. సరేనందామనే ఎక్కింది అనూరాధ. తీరా చూస్తే అక్కడ థర్మోకోల్ పెట్టెలు, పాత పరుపులు, పెయింటర్ల చాపలు.

దిగొచ్చి, ఆ జాగాకి బిగించిన తలుపు మీది అక్షరాలు చూపించింది. పనివాళ్లకి తెలియాలని యుగంధరే రాయించాడు, 'అటక' అని.

మెయింటెనెన్స్ యాక్సెస్ అని రాస్తే ఎవరికి అర్థమవుతుందని అతను నసిగాడు.

"అటక అంటే అందరికీ అర్థమైపోనాది. అదే తంటా. మన ఊళ్లల్లో ఖాళీగా ఉన్న అటక ఎక్కడైనా సూసేరేటి?"

యుగంధర్‌కి నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే పడిపోయాడు పాపం.

జాగా ఖాళీ చేయించాడు, అక్షరాలు చెరిపించాడు. ఆ తర్వాత లేని డౌట్లన్నీ పుట్టించుకుని ఆమెకి ఫోన్లు చేశాడు. అవి డౌట్లు కావని తెలిసీ అనూరాధ ఓపిగ్గా జవాబులు చెప్పింది. ఓ వాన మధ్యాహ్నం టార్పాలిన్ కింద ఇద్దరూ టీ తాగుతుండగా, నువ్వంటే ఇష్టమని చెప్పేశాడు.

ఆమె కళ్లు ఒక్క క్షణం మెరిశాయి. అంతలోనే గ్లాసు కింద పెట్టేసింది.

"సంతకం పెట్టే ముందే గుర్తొచ్చిందేటి ఈ మాట?"

అతను ఏం చెప్పినా సంతకం కోసమే చెప్పినట్టుంటుంది. ఆమె వానలోనే వెళ్లిపోయింది.

మళ్లీ తనిఖీకి వచ్చేసరికి ఆ జాగా నిండా షామియానా గుడ్డలు, ప్లాస్టిక్ పూలు. పెట్టించింది సాక్షాత్తూ ధనరాజే. అక్షరాలు చెరిపేస్తే అటక అటక కాకుండా పోతుందా, అంత జాగా వృథాగా వదిలేస్తామా అని ఆయన వాదన. ఇప్పటికి దింపించి ఫొటోలు తీయిద్దామని, సంతకం అయ్యాక మళ్లీ ఎక్కిద్దామని అన్నాడు. ఆపైన కొడుకు వైపు తిరిగాడు.

"ఆ పిల్లకి నీతో సనువే గదరా. నువ్వడుగు, పెట్టేస్తాది."

అనూరాధ ముఖం ఎర్రబడింది. తను అనుమానించింది నిజమేనా? యుగంధర్ వైపు సూటిగా చూసింది.

"నేనడగను నాన్నా," అన్నాడతను. "నువ్వు కాకపోతే ఇంకోడు నింపుతాడు. కింద పెళ్లోళ్లు బోయనాలు సేస్తుంటారు. పైన స్ప్రింక్లర్లు ఏద్దాం."

ధనరాజు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. సీలింగు మళ్లీ కొయ్యాలని, ప్రారంభోత్సవం ఆగిపోతుందని, పరువు పోతుందని కేకలేశాడు.

"పోతే పోనీ."

ఆ మాటంటూనే యుగంధర్ డ్రాయింగు తీసుకుని ఆ జాగా పొడుగునా ఎర్ర పెన్నుతో పైపుల గీతలు గీసి, కింద తన పేరు రాశాడు. ధనరాజు కొడుకుతో మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

యుగంధర్ తలెత్తి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఆఖరి తనిఖీకి ఏరే మనిషిని పంపమని మీ ఆఫీసుకి సెప్పేస్తాను. ఇంక నాకు నీతో ఏ పనీ లేదు. అందుకే ఇప్పుడడుగుతన్నాను. నన్ను పెళ్లి సేసుకుంటావేటి?"

అనూరాధ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది, జుట్టు సర్దుకుంది.

"సాయంత్రం మా ఇంటికి రా. మా అయ్య ఏట నుంచొస్తాడు, ఆయన్నడుగు," అంది. "ఆయన ఊఁ అన్నా ఊహూఁ అన్నా, నేను నిన్నే సేసుకుంటాను."