ఇనుమూ భాస్వరమూ ఒకే సీసాలో

నిచ్చెన పదహారో మెట్టు మీద నీరుగంటి జోగులు ఆగాడు. పైన ఇంకా ఆరు మెట్లున్నాయి. ఎడమ మోకాలు ఆ ఆరింటినీ పేరుపేరునా తిట్టింది. ముప్పయ్యేళ్లుగా మడులకు నీళ్లూ ఎరువూ చూసే నీరుగంటికి మోకాలు నొప్పంటే నామోషీ కదా, అందుకని గోడకు వరసలుగా పేర్చిన నీటిమడుల్లో ఒకదాని అద్దాన్ని పరీక్షిస్తున్నవాడిలా మొహం పెట్టాడు.

కింద ఉదయపు ఊదుడు నడుస్తోంది. ఎవరి మడి ముందు వాళ్లు పీటలేసుకుని గొట్టాలు నోట పెట్టుకున్నారు. పడకగదుల్లో పట్టిన ఊపిరి ఎలాగూ గొట్టాల్లోంచి మడికే పోతుంది. ఈ పావుగంట మాత్రం మనిషన్నవాడు కూర్చుని తనంతట తాను ఊదాలి. సొరంగపు ఊళ్లో అది పళ్లు తోముకోవడం లాంటిది. వదిలిన బొగ్గుపులుసు సన్నని బుడగలై నీళ్లలో కరిగితే, నీటిగడ్డీ ఎర్రాకూ దాన్ని తిని మంచిగాలి తిరిగిస్తాయి. ఎవరింటి ఊపిరిని వాళ్ల మడే మోయాలి. మోస్తోందో లేదో చెప్పడానికి ప్రతి మడిలోనూ ఒక రంగుబుడ్డి వేలాడుతుంది. నీలమైతే ఊపిరి చాలలేదు. ఆకుపచ్చైతే సరి. పసుపైతే మోయలేకపోతోందని, అప్పుడు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

పై వరసలో పారమ్మ మడి ఇరవై ఏడోది. దాని రంగుబుడ్డి రెండేళ్లకు పైగా పసుపే.

"ఏటి జోగులూ, పదారో మెట్టు కాడ కాపరం పెట్టేసినావా?" పైనుంచి పారమ్మ వంగి చూసింది.

"నేదప్పా. అద్దానికి పాచి పట్టింది, సూస్తన్నాను."

"అద్దం బాగానే ఉంది. నీ మోకాలికి పట్టినట్టుంది పాచి. ఎక్కు, ఎక్కు."

జోగులు అబద్ధాలాడే మనిషి కాదు. నిజానికి కాస్త ఎరువేస్తాడు, అంతే. వాళ్ల తాత నీరుగంటిగా ఉన్న రోజుల్లో పొద్దున చిగురు మీద ఆరేసిన లుంగీని సాయంత్రం నిచ్చెనేసి దించుకునేవారని చెబుతాడు. ఊరు నవ్వుతుంది. ఆ నవ్వు మీదే అతని పరపతి.

జోగులు ఆయాసంతో పైనున్న పలక మీదికి చేరాక పారమ్మ నవ్వలేదు. "ఊదుడయ్యాక తీర్పరి రమ్మంది. ఈయేల నన్నూ పండబెట్టేత్తాదంట. ఓడొచ్చీదాకా."

పండబెట్టడమంటే ఊపిరి ఖర్చు తగ్గేలా నిద్రగూట్లో పెట్టి మూతేయడం. ఊరికి సాయం తెచ్చే ఓడ రావడానికి ఇంకా పదకొండేళ్లుంది.

"ఒక మాట సెప్పు," అంటూ ఆమె నీళ్లలో చేయి పెట్టి ఒక కొమ్మ పైకెత్తింది. "కిందాకు సూడు, నిక్షేపంలా ఉంది. పైన సిగురు సూడు, పాలిపోయింది. మీ బావని పండబెట్టినప్పుడూ ఇంతే. ఆడి ఊపిరి తగ్గితే మడి తేరుకుంటాదన్నారు. రెండేళ్లయింది, తేరుకుందేటి? మరి తప్పు ఆడి ఊపిరిది కాదేమో?"

జోగులు సంచిలోంచి ఎరువు సీసా తీసి వెలుగుకు పట్టాడు. అడుగున వేలెడు మందాన మడ్డి పేరుకుని ఉంది. ఆ మడ్డిని అతను నాలుగేళ్లుగా చూస్తున్నాడు. వారానికోసారి కడిగి పారబోస్తున్నాడు కూడా.

నీరుగంటి పనిలో మొదటిరోజు నేర్పే పాఠం ఒకటుంది. భాస్వరం ఒకరోజు, ఇనుము మరునాడు, వేర్వేరు సీసాల్లో. రెంటినీ చిక్కగా ఒకచోట కలిపితే ఒకదాన్నొకటి పట్టుకుని అడుక్కి దిగిపోతాయి, మొక్కకు ఇనుమందదు. ఇనుమందని చిగురు తెల్లబడుతుంది, ఎదగని మొక్క బొగ్గుపులుసు తినదు, తినకపోతే బుడ్డి పసుపెక్కుతుంది. కానీ పై వరసకు రోజు విడిచి రోజు ఎక్కితే చాలునని మోకాలు చెప్పింది. పప్పూ పులుసూ ఒకే కడుపులో పడటం లేదా అని జోగులు రెండు రసాలూ ఒకే సీసాలో పోశాడు. పై వరసకు మాత్రమే.

ఇంతకన్నా మింగుడుపడనిది మరొకటుంది. రెండేళ్ల కిందట పారమ్మ మొగుడు గవరయ్యను పండబెట్టే రోజున, "నీ గురక దెబ్బకే మడి సచ్చింది బావా" అని నలుగురిలో అన్నది తనే. అందరూ పడిపడి నవ్వారు. గవరయ్యా నవ్వాడు, కానీ నమ్మాడు. తన ఊపిరిలోనే ఏదో పాడుందని నమ్మి, పారమ్మ చేయి వదిలి, తనంతట తానే వెళ్లి పడుకున్నాడు.

"ఏటి, మాటాడవు?" అంది పారమ్మ.

"పద అప్పా, టైమైపోతంది," అన్నాడు జోగులు. ఆ మాట తన చెవికే దొంగమాటలా వినిపించింది.

ఊరి గాలి లెక్కలు చూసి తీర్పు చెప్పే యంత్రం తీర్పరి. దాని గొంతు వినిపించే గోడ జాలీ ముందు ఊరు కూడింది. జోగులు వెనక వరసలో నిలబడ్డాడు. బుర్ర మాత్రం ఊరుకోలేదు. రేపటినుంచి రెండు సీసాలూ విడివిడిగా మోస్తే చాలు. నెలరోజుల్లో చిగురు ఎర్రబడుతుంది. పారమ్మ పడుకోబట్టే తేరుకుందనుకుంటారు. ఎవరికీ తెలియదు. ఎంత చక్కగా అతుకుతుందో చూసి అతను వెనక వరసలోంచి ముందుకు కదిలాడు.

"ఇరవై ఏడో మడి ఊపిరి మోయలేకపోతోంది," అంది జాలీలోని గొంతు. "ఒక ఊపిరి తగ్గింపు అనివార్యం. అభ్యంతరం ఉందా?"

"నాకుంది," అన్నాడు జోగులు. "మడి మీద కాదు, నా మీద. పై వరసకి నాలుగేళ్లుగా నాను..."

"అదిగో, మొదలెట్టినాడ్రా!" ఎవరో అరిచారు. "లుంగీ కథా, కొత్తదా?"

గుంపు గొల్లుమంది. జోగులు జీవితంలో మొదటిసారి ఆ నవ్వు అతని వీపు మీద చెళ్లుమంది. మూత తీసి సీసాను నేలమీద బోర్లించాడు. రసం పారిపోయింది, మడ్డి మిగిలింది. పై వరసవాళ్ల పిల్లలకు కూడా రసాల సంగతి తెలుసు. నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోయింది.

అతను అంతా చెప్పాడు. మోకాలి గురించీ, గురక మాట గురించీ. ఎక్కడా ఎరువేయలేదు.

"నా లెక్కలో నీరుగంటి చెయ్యి తప్పు చేయదు. అది స్థిరాంకం," అంది తీర్పరి. "అది తప్పితే పై వరసలో నేను చేసిన మూడు తగ్గింపులూ చెల్లవు. ముగ్గురినీ లేపితే, మడులు కోలుకునేదాకా ఊరంతటికీ గాలి పలచబడుతుంది. మిగతా వరసల తీర్పులు సరైనవో కాదో... తెలియదు."

ఆ మాట దాని నోట అంతకుముందు ఎవరూ వినలేదు.

"ఆళ్లని లేపీండి. బదులు నన్ను పండబెట్టీండి," అన్నాడు జోగులు. "ఒక ఊపిరైనా తగ్గుతాది."

"సిగ్గునేదేటి?" పారమ్మ గుంపును తోసుకుని ముందుకొచ్చింది. "పండుకుంటే నీకు హాయే కదా! పదకొండేళ్లు ఎవరి మొకమూ సూడక్కర్నేదు. గాలి సాలక మాం రొప్పుతుంటే నువ్వు గుర్రెడతావేటి? కుదరదు. మెలకువగా ఉండు. మీ బావ లేసీసరికి ఎదర నిలబడి నువ్వే సెప్పు."

ఊళ్లో ఎవరూ కాదనలేదు. తీర్పరి ముగ్గురినీ లేపమంది.

మధ్యాహ్నానికి నిద్రగూడు మూత తెరుచుకుంది. గవరయ్య కళ్లు చికిలించి, చాలాసేపటికి మనిషిని పోల్చుకున్నాడు.

"జోగులూ. ఓడొచ్చిందేటి?"

"నేదు బావా."

గవరయ్యకు నిట్టూర్పు వచ్చింది. దాన్ని బయటికి వదలడానికి ముందు, ఎదుటివాడికి తగలకూడదన్నట్టు, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

జోగులు మోకాళ్ల మీద కూలబడ్డాడు. నొప్పి తెలియలేదు.

"ఇటు తిరిగి ఒగ్గు బావా," అన్నాడు. "నీ ఊపిరికేటీ అవనేదు."