బ్యాటరీతో మాటల్లేవు

పొద్దున్న ఎనిమిదింటికి యానాంలో కరెంటు పోయింది. రిటైరైన ఆనందరావు మాస్టారింట్లో సోలార్ ఇన్వర్టర్ ఉంది, నిండా ఛార్జింగుతో బ్యాటరీ ఉంది. అయినా ఆయన భార్య సారమ్మకు ఊపిరినిచ్చే ఆక్సిజన్ మిషను టక్కున ఆగిపోయింది. ఆయన గబగబా చిన్న సిలిండర్ తగిలించారు. అది ముప్పావుగంట వస్తుంది.

ఇన్వర్టర్ మీద ఎర్ర అక్షరాలు వెలుగుతున్నాయి: బ్యాటరీ కమ్యూనికేషన్ లేదు. అంటే బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మాటల్లేవు. ఆ కుటుంబంలో మాటల్లేనివాళ్లు తండ్రీ కొడుకూ ఇప్పటికే ఇద్దరు, వీటితో నలుగురయ్యారు.

మాస్టారు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశారు. అందులో ముందొచ్చేది కష్టమే, కేర్ ఆ తరవాతెప్పుడో.

"లైన్లో ఉండండి సర్."

"నేను లైన్లోనే ఉన్నానమ్మా, లైన్లో కరెంటే లేదు! ఇక్కడ మా ఆవిడకి ఊపిరాడట్లేదు!"

"అర్థమైంది సర్. మీ రిజిస్టర్డ్ నంబరుకు ఓటీపీ పంపాం, చివర నలభై ఒకటి. అది చెప్పండి."

ఆ నంబరు కొడుకు ఏబెల్‌ది. ఈ సోలార్ బిగించింది వాడే. బిగించాక గవర్నమెంటు ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం మానేసి ఆ పనిలోనే దిగాడు. "సర్కారు నీడ వదిలి ఎండను నమ్ముకున్నోడు నా గుమ్మం తొక్కక్కర్లేదు" అని గర్జించారు మాస్టారు. వాడు పక్కనే అడవిపొలం అనే ఊళ్లో గది తీసుకున్నాడు. ఎనిమిది నెలలైంది.

ఆయనకది ఓటీపీ కాదు, ఓటమి.

"ఏబెల్‌కి... చెయ్యండి" అంది సారమ్మ, మాటకో ఊపిరి ఖర్చుపెట్టి.

ఆయన వినిపించుకోలేదు. "ఆ నంబరు నా దగ్గర లేదమ్మా" అన్నారు ఫోనులో.

"అదేంటి సర్? నిన్న మధ్యాహ్నం నుంచి ఆ నంబరు నుంచే నాలుగుసార్లు కంప్లయింట్ వచ్చింది. మా అమ్మ ఆక్సిజన్ మీద ఉంది, తొందరగా మనిషిని పంపండి అని. మీ ఇంట్లోవాళ్లు కాదా?"

మాస్టారు ఆ కాల్ కట్ చేసి కొడుక్కి కలిపారు.

"ఒరే..." అన్నారంతే.

"గేటు దగ్గరే ఉన్నాను నాన్న. కరెంటు పోగానే బయల్దేరాను. లోపలికి రానా?"

"రారా!"

ఏబెల్ పరుగున వచ్చి, బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు పోయే సన్న తీగ తడిమాడు. కొస ఊడి వేలాడుతోంది.

"దీన్నెవరు కదిపారు?"

"నిన్న బూజు దులిపాన్రా."

ఏబెల్ తీగ నొక్కి మళ్లీ ఆన్ చేశాడు. రెండు నిమిషాలకు మిషను ఊపిరందుకుంది, దాని వెనకే సారమ్మ. కొడుకు చెయ్యి పట్టుకునే ఆవిడ నిద్రలోకి జారింది.

"నిన్నే రావచ్చుగదరా?" అన్నారు మాస్టారు వరండాలో.

"గుమ్మం తొక్కొద్దన్నారుగా." ఏబెల్ తన ఫోను చూపించాడు. "ఇంట్లో ఎంత కరెంటు వాడుతున్నారో, బ్యాటరీ పనిచేస్తందో లేదో అన్నీ ఇందులో కనపడతాయి నాన్న. అమ్మ మిషను ఆడుతున్నంతసేపూ మూడొందల వాట్లకి తగ్గదు. రోజూ అది చూసుకునే తింటన్నాను, అది చూసుకునే పడుకుంటన్నాను."

మాస్టారు ఆ అంకె వైపు చూస్తూ ఉండిపోయారు. ఇంక రోజులేనని డాక్టరు కిందటి నెలే చెప్పాడు. ఆ సంగతి కొడుక్కి చేరనివ్వనిది తనే. ఒకనాడు ఆ మూడొందలూ ఉన్నట్టుండి పడిపోతాయి. అడవిపొలం గదిలో, చేతిలో కంచంతో, వీడు ఆ అంకెలోనే తల్లి పోవడం చూస్తాడు.



"అమ్మకింక ఎన్నో రోజుల్లేవురా" అన్నారు. చెంపలు తడుస్తున్నా తుడుచుకోలేదు. "అది నువ్వు ఫోనులో చూడకూడదు. ఇక్కడే ఉండు."