బండెవుర్ది?

నర్సీపట్నం నుంచి మాకవరపాలెం వెళ్ళే దారిలో, ఊరు దాటి కాస్త దూరం పోతే ఎడంపక్కన ఒక వెంచర్ ఉంది. ఆర్చీ కట్టారు, తార్రోడ్లు వేశారు, ప్లాట్లకి తెల్లరాళ్ళు పాతారు. ఇళ్ళు మాత్రం ఒక్కటీ లేవలేదు. కోర్టులో ఏదో గొడవట. రోడ్డు మటుకు నున్నగా ఉంటుంది. లారీ రాదు, గేదె అడ్డం పడదు, వెనకనుంచి హారన్ కొట్టి కంగారు పెట్టేవాడుండడు. అందుకే మా ఊళ్ళో కొత్తగా బండి నేర్చుకునేవాళ్ళకి అందరూ చెప్పేది ఒకటే — "వెంచర్లోకి పో."

ఆ వెంటనే గొంతు తగ్గించి ఇంకో మాట కూడా చెబుతారు.

"తోటల మలుపు దాకా ఎల్లకు... ఎల్లినా, బండి ఆపకు."

వెంచర్ చివర జీడిమామిడి తోటలు. రోడ్డు అక్కడ చటుక్కున కుడికి తిరుగుతుంది. ఆ మలుపులో బండి దానంతటదే ఆగిపోతుందట. లైటు ఆరిపోతుందట. అప్పుడు ఎవరో — మనిషి కనపడదు — బండిని తడుముతారట. చక్రం, మడ్‌గార్డు, ట్యాంకు... సంతలో ఎద్దుని కొనబోయేవాడు తడిమినట్టు, ఓపిగ్గా. తడిమి వదిలేస్తారట. వదలగానే బండి స్టార్టవుతుంది. ఎవరికీ ఏ హానీ జరగలేదు. అయినా ఒకసారి ఆ చేతుల కింద పడ్డవాడు రెండోసారి ఆ మలుపుకి వెళ్ళలేదు.

ఆ చేతులు చిట్టితల్లివని అంటారు.

చిట్టితల్లి జీడిపిక్కల బట్టీలో పనిచేసే పిల్ల. ఒక వానాకాలం సాయంత్రం పని దిగి, అడ్డదారని వెంచర్లోంచి ఇంటికి నడుస్తూ ఉంటే ఆ మలుపులో ఏదో మోటార్ సైకిల్ గుద్దేసింది. గుద్దినవాడు ఆగలేదనే అందరూ అనుకున్నారు. తెల్లారాక చూశారు. అప్పటికి ఒళ్ళు చల్లబడిపోయింది. తల్లి సోమలమ్మ ఏడాది పొడుగునా స్టేషన్ చుట్టూ తిరిగింది. బండి ఎవరిదో తేలలేదు.

ఇక సత్యలక్ష్మి సంగతి. తనూ నేనూ కలిసి ఏఎన్ఎం ట్రైనింగ్ అయ్యాం. ఇదంతా తను నాకు చెప్పిందే.

సత్యలక్ష్మికి ఏజెన్సీలో సబ్‌సెంటర్ పడింది. కొండమీదికి బస్సు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కాన్పులు బస్సు టైము చూసుకుని రావు కదా. "బండి నేర్సుకుంటానన్నియ్యా" అంది ఒకరోజు.

అన్న రాజుబాబు. ఊళ్ళో సిమెంటు కొట్టు. తండ్రి పోయాక చెల్లెల్ని పెంచింది, చదివించింది, ఉద్యోగంలో చేరిన రోజు కొండదాకా దిగబెట్టింది అతనే. ఆమాట అడగ్గానే, షెడ్డులో గోనెపట్టా కప్పి పెట్టిన తన పాత నల్లబండి తీసి తుడిచి ఇచ్చాడు.

"ఘాట్ ఎక్కాలంటే గేర్ల బండే ఉండాలి. నేర్సుకో. కానీ ఆ వెంచర్లోకి మాత్రం ఎల్లకు. కాలేజీ గ్రౌండులో తిప్పుకో."

గ్రౌండుకి వెళ్ళింది. అక్కడ క్రికెట్ ఆడే పిల్లలు. చుడీదారేసుకుని గేర్ల బండి నడుపుతున్న ఆడదాన్ని చూసి ఈలలు. క్లచ్ వదలగానే బండి ఎగిరి ఆగిపోవడం, వాళ్ళు చప్పట్లు కొట్టడం. రెండుసార్లు పడింది. మూడోసారి బండి లేపుతూ ఏడుపొచ్చేసింది.

మర్నాటి నుంచి తెల్లారగట్టే లేచి, అన్నకి చెప్పకుండా, బండి వీధి చివరదాకా నడిపించుకుపోయి అక్కడ స్టార్ట్ చేసి వెంచర్లోకి వెళ్ళడం మొదలుపెట్టింది.

"ఎంత బాగుండేదో తెలుసా..." అంది నాతో. చలికాలం. మంచు. మనిషి లేడు. క్లచ్ నెమ్మదిగా... ఇంకా నెమ్మదిగా వదిలితే బండి బుద్ధిగా కదిలేది. ముందు చక్రం కేసి చూడకుండా దూరంగా చూడాలని తనకి తానే కనిపెట్టింది. ప్లాటు రాళ్ళ మధ్య ఎనిమిది అంకె తిప్పింది. రెండో గేరు. మూడో గేరు. చెవుల్లో గాలి. తనని చూసి నవ్వేవాడు లేడు. ధైర్యం రోజుకింత పెరిగింది.

ఆ ధైర్యంతోనే ఒకరోజు మలుపు దాకా వెళ్ళింది. ఆపకుండా తిప్పేసుకుని వచ్చేస్తే చాలు, ఇక ఘాట్‌రోడ్డుకి భయం లేదనుకుంది.

మలుపులో — ఇంజను ఆగిపోయింది.

లైటు ఆరిపోయింది.

సెల్ఫ్ నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. లేదు. కాళ్ళు రెండూ నేలకి ఆనించి, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని అలాగే ఉండిపోయింది. మంచులో తోట కూడా కనపడటం లేదు.

అప్పుడు వినిపించింది. ఇనుము మీద అరచెయ్యి రాసుకుంటున్న చప్పుడు...

ముందు చక్రం దగ్గర. మడ్‌గార్డు మీద. ఫోర్కు మీద. ట్యాంకు దాకా వచ్చి, తన మోకాలికి తగిలీ తగలనట్టు తగిలి — కిందికి దిగింది. లెగ్‌గార్డు దగ్గర, ఇంజను ముందుండే ఆ ఇనప కమ్మీ దగ్గర, ఆగింది.

వెళ్ళలేదు. అక్కడే ఆగింది.

గాజులు కమ్మీకి తగిలి సన్నగా మోగాయి. ఒక్కొక్క వేలూ చుట్టుకుంటున్నట్టు కమ్మీ కిర్రుమంది. బండంతా వణికింది. కిందనుంచి, రోడ్డు మీంచి, పడుకున్న మనిషి గొంతు —

"ఇదే..."

సత్యలక్ష్మి కిందికి వంగి చూసింది. మంచే కనిపించింది.

"ఇదే బండి... బండెవుర్ది?"

చల్లటి చెయ్యి ఒకటి తన చీలమండ పట్టుకుంది. లాగలేదు. పట్టుకుంది, అంతే. జవాబు చెప్పేదాకా వదలనట్టు.

"నాదే" అని నోటిదాకా వచ్చిందట. ఆగిపోయింది. ఒక వానరాత్రి గుర్తొచ్చింది. అన్న తడిసి ముద్దై ఇంటికొచ్చాడు. కుక్క అడ్డమొచ్చి పడ్డానన్నాడు. మోచెయ్యి కొట్టుకుపోతే కడిగి కట్టు కట్టింది తనే. మర్నాడు బండి మెకానిక్ షెడ్డుకెళ్ళింది. వంగిన కమ్మీ సాపు చేయించి, నల్లరంగు వేయించి తెచ్చాడు. ఆ తర్వాత బండి తియ్యలేదు. ఆ రోజుల్లోనే కదా ఊరంతా చిట్టితల్లి గురించి చెప్పుకుంది...

"నాది కాదు తల్లీ" అంది. "మా అన్నియ్యది."

చీలమండ మీది వేళ్ళు ఇంకాస్త బిగిశాయి.

"తీసుకురా..."

"తెస్తాను. నేనే తెస్తాను. మాటిస్తన్నాను."

చెయ్యి వదిలింది. లైటు వెలిగింది. రోడ్డు ఖాళీ.

ఇంటికెళ్ళేసరికి రాజుబాబు పెరట్లో పళ్ళు తోముకుంటున్నాడు. సత్యలక్ష్మి బండి స్టాండు వేసి, అతని ఎదురుగా నిలబడింది.

"అన్నియ్యా, ఆ రోజు అడ్డమొచ్చింది కుక్కేనా?"

అతను పుక్కిలించి ఉమ్మేశాడు. "ఏ రోజు?"

"సిట్టితల్లి పోయిన రోజు."

చెంబు కింద పెట్టాడు. పెళ్ళాం వింటుందేమోనని ఇంట్లోకి చూశాడు. "వెంచర్లోకి ఎల్లొద్దన్నానా లేదా?"

"కుక్కేనా?"

"...వాన. కనపళ్ళేదే. అడ్డమొచ్చేసింది."

"నువ్వు ఆగావా?"

"ఆగేను." మూతి తుడుచుకున్నాడు. "దిగి సూసేను కూడా. మాటాడతంది. ఆసుపత్రికి తీసుకెల్లన్నా అంది. కమ్మీ పట్టుకుని వదల్దు. ఎవరైనా సూస్తే నన్ను కట్టేసి కొడతారు. కేసు, జైలు... నేను పోతే మీ అందరూ ఏటైపోతారు? అందుకని..."

"అందుకని?"

"వేళ్ళు ఇప్పేసి వచ్చేసేను."

సత్యలక్ష్మి బండి కమ్మీ కేసి చూసింది. ఒక్కొక్క వేలూ. వానలో. ఆసుపత్రి అక్కడికి ఎంత దూరమని.

"మాటాడిందంటే రాత్రి ఎంతసేపు బతికుంటదో అన్నియ్యా."

"గతం తవ్వకు. నిన్ను సదివించిందెవరే?"

"నువ్వే. నువ్వు సదివించిన సదువే సెప్తంది, అప్పుడే తెచ్చుంటే ఆ పిల్ల బతికేది."

అతను చెయ్యెత్తాడు. కొట్టలేదు. సత్యలక్ష్మి కదల్లేదు.

"ఈ రాత్రి నాకు డ్యూటీ" అంది. "రేపొచ్చేక ఇద్దరం స్టేషన్‌కి ఎల్దాం. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే సోమలమ్మగారింటికి ఎల్తాను."

బండి ముట్టుకోకుండా బస్సెక్కి కొండకి వెళ్ళిపోయింది.

పొద్దుగూకే వేళకి రాజుబాబు బండి బయటికి తీశాడు. "పాయకరావుపేటలో పాత ఇనుము కొట్టోడు తెలుసు. ముక్కలు సేయించేస్తాను. అప్పుడు ఎవరేటి రుజువు సేస్తారో సూస్తాను" అని పెళ్ళాంతో చెప్పి వెళ్ళాడు. పాయకరావుపేట ఒక దిక్కు, వెంచర్ ఇంకో దిక్కు. అతను వెళ్ళింది పాయకరావుపేట దారినే. ఊరి చివర పెట్రోలు పోయించుకోవడం చూసినవాళ్ళున్నారు.

ఆ రాత్రి వెంచర్ మలుపులో కేకలు వినిపించాయి.

"ఎవరన్నా ఉన్నారా... బాబ్బాబూ... ఒక్కసారి రండి..."

ఆర్చీ దగ్గర కూర్చున్న కుర్రాళ్ళు విన్నారు. "ఈపాలి మగగొంతుతో పిలుస్తందిరా" అని బండ్లెక్కి బేగి పారిపోయారు. తోట కాపలా ముసలాయన విన్నాడు. గుడిసె తలుపు బిగించుకుని దేవుణ్ణి తలుచుకుంటూ పడుకున్నాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు విన్నారు. ఆ మలుపులో నిలబడి పిలిస్తే ఎవరు వెళతారు?

కేకలు ఒక జాములో మూలుగులయ్యాయి.

తెల్లారాక కాపలా ముసలాయన బయటికొచ్చి చూశాడు. నల్లబండి అడ్డంగా పడి ఉంది. దాని కింద రాజుబాబు. లెగ్‌గార్డు తొడలోకి దిగిపోయింది. ప్రాణం ఉంది. ఆసుపత్రికి తెచ్చారు. కాలు తీసెయ్యాలన్నారు డాక్టర్లు. ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టారు. వాఙ్మూలం రాసుకోడానికి కానిస్టేబుల్ వచ్చాడు. అతని పెళ్ళాం మంచం కాళ్ళ దగ్గర ఏడుస్తూ నిలబడింది.

ఆ రోజు అక్కడ డ్యూటీలో ఉన్నది నేనే. ఇక్కణ్ణుంచి నేను చూసింది, విన్నది.

"కేసు రాయండి!" రాజుబాబు అరుస్తున్నాడు. "మా సెల్లి మీద రాయండి! సత్యలక్ష్మి, ఏఎన్ఎం, అదే నన్ను సంపబోయింది!"

"ఎక్కడ కలిశారండీ మీ చెల్లెలు?" కానిస్టేబుల్ అడిగాడు.

"ఊరు దాటేక సీకట్లో నిలబడుంది. బస్సు దొరకలేదన్నియ్యా, ఎక్కించుకో అంది. ఎక్కించుకున్నాను. ఎనక కూకుని ఎటు తిప్పమంటే అటు తిప్పేను. నాకేదో మత్తు కమ్మినట్టయిపోయింది. సూసేసరికి ఆ మలుపు. అది దిగి, బండి నామీదకి తోసేసింది. కొంగు పట్టుకుంటే... నా వేళ్ళు ఒక్కోటీ ఇప్పుకుని..." ఆయాసంతో ఆగాడు. మంచం పక్కనున్న స్టూలు కేసి వేలు చూపించాడు. "ఇప్పుడు సూడండి, ఏటీ ఎరగనట్టు! పొద్దుట్నించీ నా సెయ్యి పట్టుకుని ఇక్కడే కూకుంది!"

స్టూలు మీద ఎవరూ లేరు.

ఇంజెక్షన్ మత్తు అనుకున్నాడు కానిస్టేబుల్. నేనూ అదే అనుకున్నాను. "సరేనండీ" అన్నాడతను, శాంతంగా. "సొంత అన్నగారు కదా. మీమీద అంత పగేంటండి ఆవిడికి?"

"సిట్టితల్లిని గుద్దీసింది నేనేనని దానికి తెలిసిపోయింది కదా!"

పెళ్ళాం ఏడుపు ఆగిపోయింది. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. కానిస్టేబుల్ ఆ మాట ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు.

అప్పుడే గుమ్మంలో అంబులెన్స్ వాళ్ళు స్ట్రెచర్ దింపారు. కొండమీద రాత్రంతా కష్టమైన కాన్పట. బాలింత స్ట్రెచర్ మీద ఉంది. ఆ వెనక, చేతుల్లో గుడ్డ చుట్టిన పసిగుడ్డుతో, నిద్రలేని కళ్ళతో, బట్టల మీద నెత్తుటి మరకలతో సత్యలక్ష్మి లోపలికొచ్చింది. అన్నని అప్పుడే చూసింది.

"అన్నియ్యా... ఏటైంది?"

రాజుబాబు గుమ్మం కేసి చూశాడు. చెల్లెలి మొహం, చేతుల్లో పసిబిడ్డ, వెనక అంబులెన్స్ డ్రైవరు — అన్నీ ఒక్కొక్కటే చూశాడు. అరుపు ఆగిపోయింది. కుడిచెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. రాలేదు. మంచం అంచు మీద ఆ చెయ్యి ఎవరో బిగించి పట్టుకున్నట్టే ఉండిపోయింది. వేళ్ళు తెల్లగా పాలిపోవడం నేను చూశాను.

అతను తల తిప్పకుండా, చాలా మెల్లగా అడిగాడు.

"సత్యా... నువ్వు అక్కడుంటే... ఇదెవుర్తే?"