బాల్దొమేరో రెండో పళ్లెం

డిటెక్టివ్ ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన మనిషి కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాఫీ కలుపుతున్న ఎలోయ్ ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. గ్రనాదాలో అరాసేలీని ఎరగనివాళ్లు తక్కువ. పదకొండేళ్లుగా రోజూ సాయంత్రం ఆరేడుగురు యాత్రికులను వెంటబెట్టుకుని, పాత బార్లలో ఒక్కో గ్లాసు వైను, దాంతోపాటు ఊరికే పెట్టే తాపా అనే చిరుతిండి రుచి చూపిస్తూ నడిపించే గైడు ఆమె. ఆమె వెంట ఒకసారి నడిచినవాళ్లు తమ ఊరు చేరాక కూడా ఉత్తరాలు రాస్తారు. అలాంటి మనిషి ముఖంలో ఇప్పుడు నెత్తురు చుక్క లేదు.

"కాసిల్దా గారూ, నన్ను దొంగంటున్నారు. రేపు పొద్దున గైడ్ల సంఘం నా గైడు కార్డు లాగేసుకుంటుంది."

కాసిల్దా మొంతోరోకు అరవై దాటాయి. ముప్పై ఏళ్లుగా ప్రైవేటు డిటెక్టివ్. ఆవిడ కంగారుపడగా ఎలోయ్ ఎన్నడూ చూడలేదు.

"ముందు కూర్చోమ్మా. మొదటి బారు నుంచి చెప్పు. ఎవరు ఏం తిన్నారో కూడా చెప్పు."

ఎలోయ్ నోట్‌బుక్ తీశాడు. ఆరేళ్లుగా ఆవిడ దగ్గర పనిచేస్తున్నాడు. ఆవిడ అడిగే ప్రశ్నల్లో ఏది ఉత్తదో ఏది అసలుదో ఇప్పటికీ అతనికి అంతు చిక్కదు.

"నిన్న ఆరుగురు వచ్చారు," అంది అరాసేలీ. "మొదటి చోట ఉప్పుచేప, రెండో చోట హామ్, అదే పందిమాంసం ముక్కలు వేసిన చిక్కుడు గింజలు. బుర్గోస్ నుంచి వచ్చిన ఎర్మెలిందా గారని పెద్దావిడ, వాళ్లమ్మగారి విసనకర్ర తెచ్చుకున్నారు. ముత్యపుచిప్ప పుల్లలు, తెల్ల పట్టుకుచ్చు. దారంతా దాన్ని విసురుకుంటూనే ఉన్నారు. మూడోది బాల్దొమేరో బారు. ఇరుకు కదా, అందరి సంచులూ వెనక నడవలో కొక్కేలకు తగిలించాం. ఆవిడ విసనకర్రను తన సంచిలోనే పెట్టారు. మొదటి గ్లాసుకి వేయించిన చేపలు వచ్చాయి. సగం తిన్నామో లేదో, ఆవిడ విసనకర్ర కోసం వెళ్లి లేదని గొల్లుమన్నారు."

"సంచులు వెతకమని ఎవరన్నారు?"

"గాస్పార్. నా దగ్గరే పని నేర్చుకున్నాడు, ఇప్పుడు సొంతంగా యాత్రికుల్ని తిప్పుకుంటున్నాడు. అప్పుడే వచ్చానంటూ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. 'ముందు గైడు సంచి చూడండి, అప్పుడు ఎవరికీ బాధ ఉండదు' అన్నాడు. నాకూ న్యాయమే అనిపించింది. నా చేత్తో నేనే సంచి తెరిచాను. విసనకర్ర అందులోనే ఉంది."

ఎలోయ్ అదీ రాసుకున్నాడు.

"గాస్పార్ ఏం తింటున్నాడు?"

"వంకాయ. వేయించి చెరకు పాకం పోస్తారే, అది. ముక్క చేత్తో పట్టుకునే మాట్లాడాడు. ఎందుకండీ?"

"ఊరికే. నీ కార్డు పోతే బాగుపడేదెవరు?"

"కొండమీది హోటలువాళ్లు వచ్చే నెల నుంచి యాత్రికులందర్నీ నాకే అప్పగిస్తామన్నారు. నేను కాకపోతే ఎవరో ఒకరికి ఇస్తారు."

*

ఎర్మెలిందా గారు తాను దిగిన హోటలు గదిలో కిటికీ పక్కన బిగుసుకుని కూర్చుని ఉన్నారు.

"అంత చక్కగా కథలు చెప్పి నవ్వించిన పిల్ల ఇంత పని చేసింది," అన్నారు. "ఎవరో అనామకురాలు చేసి ఉంటే ఇంత మండేది కాదు. రేపు సంఘంలో చెప్పి, అట్నుంచటే పోలీసుల దగ్గరికి వెళ్తాను. ఇదిలా ఉంటే ఈ హోటల్లో చీమలొకటి. పొద్దున లేచేసరికి మా అమ్మ విసనకర్రకు బారులు కట్టాయి."

కాసిల్దా ముందుకు వంగింది. "ఎక్కడ పట్టాయండీ?"

"ఈ కుచ్చుకే. ఇంకెక్కడా లేవు."

తెల్ల పట్టుదారాల మీద గోధుమరంగు మరక ఒకటుంది. కాసిల్దా దాన్ని భూతద్దంతో చూసి, ముట్టుకోకుండా వదిలేసింది.

"నిన్న సాయంత్రం దాకా ఇది తెల్లగానే ఉందా?"

"రెండో బారులో అందరికీ చూపించాను. మల్లెపూవులా ఉంది."

"దొరికాక ఎవరు పట్టుకున్నారు?"

"సంచిలో కనబడగానే నేనే లాక్కున్నాను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు."

"నిన్న మీరు తీపి ఏమైనా తిన్నారా?"

"ఉప్పుచేప, చిక్కుళ్లు, మళ్లీ చేపలు. తీపి దాకా రానిస్తేగా!"

*

మధ్యాహ్నం బాల్దొమేరో బారు ఖాళీగా ఉంది. పొగచూరిన పీపాలు, పాలరాతి బల్ల, దాని వెనక రాతిస్తంభంలా బాల్దొమేరో. ఇద్దరికీ రెండు వైన్లు పోసి, రెండు పళ్లేల్లో వేయించిన చేపలు పెట్టాడు.

ఎలోయ్‌కు పొద్దుటి నుంచి వంకాయ మీదే మనసు. "బాబాయ్, నాకు చేపలొద్దు. వంకాయ పెట్టు."

"వంకాయ రెండో గ్లాసుకి."

"నేనేమన్నా కొత్తవాణ్నా?"

"మేయరు వచ్చి అడిగినా చేపలే పెట్టాను. మొదటి గ్లాసు తాగు, చేపలు తిను, రెండోది అడుగు. అప్పుడు మాట్లాడదాం."

"గుంపుగా వస్తేనో?" అని అడిగింది కాసిల్దా. "అందరూ రెండో గ్లాసు మీద ఉండగా ఒకడు ఆలస్యంగా వస్తే?"

"వాడికి చేపలు. గుంపును చూసి పెట్టను నేను, గొంతును చూసి పెడతాను. ముప్పై ఎనిమిదేళ్లు, ఒక్క పళ్లెం అటూఇటూ కాలేదు."

కాసిల్దా గ్లాసు ఖాళీ చేసి, ఎలోయ్ భుజం తట్టింది. "సాయంత్రం అందర్నీ ఇక్కడికి పిలువు. గాస్పార్‌ను మరిచిపోకు."

ఎలోయ్ తలూపాడు గానీ, తనడిగిన వంకాయ ఏ తాళం తీసిందో అతనికి బోధపడలేదు.

*

ఏడు గంటలకు అందరూ వచ్చారు. ఎర్మెలిందా గారు విసనకర్రను ఒళ్లో భద్రంగా పెట్టుకున్నారు. మిగతా అయిదుగురు యాత్రికులూ పీపాల చుట్టూ చేరారు. అరాసేలీ అందరికీ దూరంగా నిలబడింది. గాస్పార్ మాత్రం నవ్వు ముఖంతో వచ్చాడు.

"నిన్న ఎప్పుడొచ్చావు నాయనా?" అంది కాసిల్దా.

"గొడవకు ఒక్క నిమిషం ముందు వచ్చానండి. మొదటి గ్లాసు అందుకున్నానో లేదో, అరుపులు వినపడ్డాయి."

"నడవలోకి వెళ్లావా?"

"అసలు తలుపు దగ్గర్నుంచి కదలనే లేదు."

"చేతిలోని పళ్లెంలో ఏముంది?"

"వంక..." అని ఆగిపోయాడు గాస్పార్. బారులో అందరి తలలూ ఒక్కసారి బాల్దొమేరో వైపు తిరిగాయి.

"వంకాయ తిన్నాడంటే చేపలు తిన్నట్టే," అన్నాడు బాల్దొమేరో, గ్లాసు తుడుస్తూ. "సందట్లో ఎప్పుడు తిన్నాడో నాకు గుర్తులేదు. తిన్నాడు, అంతే."

"సందట్లో పొరపాటున పెట్టాడేమో," అని నీళ్లు నమిలాడు గాస్పార్.

బాల్దొమేరో గ్లాసు కింద పెట్టాడు. ఎలోయ్ ఉండబట్టలేక, "నేను బతిమాలినా పెట్టలేదు, నీకు పొరపాటున పెట్టాడా?" అన్నాడు. నిన్న ఇదే బల్ల మీద ఒక్కొక్కరూ చేపలే తిన్న యాత్రికులకూ సంగతి అర్థమైంది.

కాసిల్దా నిమ్మళంగా చెప్పుకుపోయింది. "వీళ్లు రాకముందే నువ్వొచ్చావు. మొదటి గ్లాసు ముగించి, రెండోది తీసుకుని, పీపాల వెనక నిలబడ్డావు. వీళ్లు సంచులు తగిలించి ముందుకు రాగానే నడవలో దూరావు. పాకం చేతిని కాగితం రుమాలుతో తుడుచుకునే ఉంటావు. మన బార్ల రుమాళ్లు దేన్ని తుడిచాయి గనక? విసనకర్ర తీసి అరాసేలీ సంచిలో వేశావు. కుచ్చుకు పాకం అంటింది. నిన్న వీళ్లెవరి నోటా తీపి పడలేదు. ఆ మరకను చీమలు నాకంటే ముందే కనిపెట్టాయి." ఆవిడ చిన్నగా నవ్వింది. "ఆ పళ్లెం వెనకే వదిలేసి తలుపు దగ్గరికి వచ్చి ఉంటే నిన్ను పట్టుకోవడం నా వల్ల అయ్యేది కాదు. కానీ గ్రనాదాలో పుట్టినవాడు తాపాను సగంలో ఎలా వదులుతాడు?"

గాస్పార్ తల దించుకున్నాడు. "ఆ కొండమీది హోటలు పని నాకు వస్తుందనుకున్నాను," అన్నాడు చివరికి.

"అడిగితే సగం రోజులు నీకే ఇచ్చేదాన్ని కదరా," అంది అరాసేలీ. గాస్పార్ రేపు సంఘం ముందు ఇదే చెబుతానని కాసిల్దా ఎదుట కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

ఎలోయ్ తన నోట్‌బుక్ చూసుకున్నాడు. వంకాయ, చీమలు, చేపలు అన్నీ తన రాతలోనే ఉన్నాయి. అయినా తనకు తట్టలేదు. కాసిల్దా మీద గౌరవంతో అతనికి గుండె నిండిపోయింది.

బాల్దొమేరో ఆరు గ్లాసులు నింపాడు. ఆరు పళ్లేల్లో వంకాయ వడ్డించి, పైన పాకం ధారగా పోశాడు.

"ఇదేంటి బాబాయ్, వీళ్లకి రెండోదా?" అన్నాడు ఎలోయ్.

"నిన్నటి నడక సగంలో ఆగింది. వీళ్ల మొదటి గ్లాసు అయిపోయింది. నీకు మాత్రం చేపలే."

ఎర్మెలిందా గారు లేచారు. పళ్లెం వైపు చూశారు, దూరంగా నిలబడ్డ అరాసేలీ వైపు చూశారు. మెల్లగా నడిచి ఆమె దగ్గరికి వెళ్లి, విసనకర్ర ఆమె చేతిలో పెట్టారు.

"ఇది కాస్త నీ సంచిలో పెట్టమ్మా. నా చేతులు జిగురవుతాయి. అవునూ, తర్వాతి బారు ఎక్కడ?"